బొగ్గు పైకెక్కిన దారి

మోడల్ రైళ్ళు కట్టేవాళ్ళకు బొగ్గు టవర్, అంటే ఆవిరి ఇంజన్లకు పై నుంచి బొగ్గు నింపే కట్టడం, ప్రాణం. పట్టాల పక్కన నిటారుగా నిలిచిన కాంక్రీటు కట్టడం, దాని పక్కన వేలాడే, బొగ్గు జారే ఇనుప చూట్, కింద ఆగి ఉన్న ఇంజను ఉంటే చాలు, ఆవిరి ఇంజన్ల కాలం కళ్ళ ముందుకు వచ్చేస్తుంది. అయితే నేను చూసిన లేఅవుట్లలో చాలావాటికి టవర్ వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. బొగ్గు టెండరులోకి, అంటే ఇంజను వెనక బొగ్గు మోసే బండిలోకి, ఎలా దిగుతుందో అందరూ చూపిస్తారు. అసలు అంత ఎత్తుకు ఎలా చేరిందో చూపించేవాళ్ళు తక్కువ. నా మనసు మాత్రం ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. నేను పెరిగింది బిట్రగుంట రైల్వే కాలనీలో. అక్కడ బొగ్గు ఆడవాళ్ళ తలల మీద పైకెక్కేది.

బిట్రగుంట నెల్లూరు జిల్లాలో, కావలికి కాస్త దక్షిణంగా ఉంటుంది. మద్రాసు నుంచి దాదాపు 210 కిలోమీటర్లు, విజయవాడ నుంచి ఇంచుమించు అంతే. ఈ సగం దారి లెక్కే మా ఊరికి అన్నం పెట్టింది. ఆవిరి ఇంజను ఎంత గట్టిదైనా కొంత దూరం పోయేసరికి నీళ్ళు తరిగిపోతాయి, బొగ్గు అడుగంటుతుంది, ఫైర్‌బాక్సు కింద బూడిద పేరుకుంటుంది, పార పట్టినవాడి భుజాలు పడిపోతాయి. అందుకని ఇక్కడ ఇంజను విప్పేసి, సిద్ధంగా ఉన్న మరొకటి తగిలించి రైలును పంపేవారు. వచ్చిన ఇంజను షెడ్డుకు చేరేది. బూడిద గుంట మీద ఆగి బూడిద రాల్చుకోవడం, బొగ్గు, నీళ్ళు, ఇసుక ఎక్కించుకోవడం, టర్న్‌టేబుల్ మీద తిరిగి ముఖం మార్చుకోవడం అన్నీ అక్కడే. ఊళ్ళో ఎక్కువ కుటుంబాలు ఈ పనుల్లో ఏదో ఒకదాని మీద బతికేవి. మా నాన్న ఫైర్‌మన్, అంటే ఇంజను పొయ్యిలో బొగ్గు వేసేవారు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు కొన్నిసార్లు నన్ను షెడ్డు గేటు దాకా తీసుకెళ్ళేవారు. గేటు దాకా అన్న నియమం తొందరగానే సడలింది. బొగ్గు స్టేజీ పక్కన వేపచెట్టు కింద కూర్చోనిచ్చేవారు, కదలకూడదన్న షరతు మీద.

బొగ్గు స్టేజీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. రాతితో కట్టిన పొడవాటి అరుగు. ఒకవైపు పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు, రెండోవైపు పట్టాల మీద ఇంజను. వ్యాగన్లు పైకప్పు లేనివి, పక్కన తలుపులున్నవి. తలుపు గడియ సుత్తితో కొట్టి విప్పగానే కొంత బొగ్గు దానంతటదే జారిపోయేది. మిగిలినదాన్ని లోపలికి దిగి పారలతో లాగాలి. పెద్ద పెళ్ళలను పలుగుతో పగలగొట్టాలి. పార పట్టిన మగవాళ్ళు తట్టలు నింపుతారు. ఇంకొకరు తట్ట ఎత్తి తల మీద పెడతారు. ఆడవాళ్ళు అరుగు దాటి, అక్కడి నుంచి టెండరు అంచు మీదికి వేసిన చెక్క ఎక్కి, తట్టను బోర్లించి, పక్కనున్న మరో చెక్క మీదుగా దిగి వస్తారు. ఎక్కేవాళ్ళకు ఒక చెక్క, దిగేవాళ్ళకు ఒకటి. ఎదురుపడితే పని ఆగిపోతుంది కదా.

ఆ చెక్క నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. బొగ్గు పొడి, చెమట, వాననీరు కలిసి నల్లగా నిగనిగలాడేది. కాలు జారకుండా అడ్డంగా కొట్టిన సన్నటి బద్దలు మధ్యలో అరిగిపోయి, అంచుల్లో మాత్రం మిగిలి ఉండేవి. ఆడవాళ్ళు చెప్పులు వేసుకునేవారు కాదు. బొటనవేలు బద్దకు ఆనించి, మోకాలు కొద్దిగా వంచి, మెడ కదలకుండా ఎక్కేవారు. తల మీద చీర పేలికతో చుట్టిన చుట్టకుదురు, దాని మీద తట్ట. పైకి చేరాక రెండు చేతులతో తట్ట అంచు పట్టుకుని, నడుము ఒక్క విసురు విసిరితే బొగ్గు మొత్తం టెండరులో పడేది. ఒక్క ముక్క కూడా చక్రాల దగ్గర పడేది కాదు. అది నేర్పు. ఆ మాట ఇంత ఆలస్యంగా, ఇంత దూరం నుంచి రాస్తున్నందుకు బాధగానే ఉంది.

నేను చెట్టు నీడ దాటి ముందుకు జరిగితే ముఠాలోని పెద్దావిడ అరిచేది. "అటు జరుగు బాబూ, పెళ్ళ కాలి మీద పడితే మీ నాన్నగారు నన్నే అంటారు." ఆవిడను నేను పెద్దమ్మా అనేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం మూట విప్పినప్పుడు పిలిచి నా చేతిలో కూడా ఒక ముద్ద పెట్టేది. ఎంత కడుక్కున్నా ఆవిడ అరచేతి గీతల్లో నలుపు పోయేది కాదు, ముద్ద మాత్రం తెల్లగానే ఉండేది.

ఆ పని ఎంతదో లెక్క వేసి చూడాలని పెద్దయ్యాక అనిపించింది. గూడ్సు బళ్ళు లాగే డబ్ల్యూజీ ఇంజను టెండరులో సుమారు 18 టన్నుల బొగ్గు పడుతుంది. ఎక్స్‌ప్రెస్‌లు లాగే డబ్ల్యూపీకి 15 టన్నులు. తట్టకు పాతిక కిలోలు వేసుకుంటే డబ్ల్యూజీకి 720 తట్టలు. పన్నెండు మంది ముఠా అయితే మనిషికి 60 సార్లు ఎక్కి దిగాలి, అదీ ఒక్క ఇంజనుకు. టెండరు ప్రతిసారీ పూర్తిగా ఖాళీ అయి రాదు, నిజమే. కానీ ఇంజన్లు ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉండేవి. రాత్రి కూడా. మేస్త్రీ లాంతరు వెలుగులో స్తంభం మీద సుద్దముక్కతో గీతలు గీసి లెక్క రాసుకునేవాడు. కూలీ కాంట్రాక్టరు చేతుల మీదుగా అందేది, అందులో వచ్చే తగాదాలు కాలనీ దాకా వినిపించేవి.

బొగ్గు సింగరేణి గనుల నుంచి వచ్చేది. 1871లో భూగర్భ పరిశోధకుడు విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాక, ఆ గనులూ రైలుమార్గాలూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి పెరిగాయి. ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు డోర్నకల్ చేరి, అక్కడి నుంచి దక్షిణాదికి పోయేది. వ్యాగన్లు వచ్చినప్పుడు పైన బొగ్గు మీద సున్నపు నీళ్ళ చారలు కనిపించేవి. దారిలో ఎవరైనా బొగ్గు తీస్తే తెల్లటి పొర మధ్యలో నల్లటి గుంట పడి పట్టిస్తుందని అలా చల్లేవారు. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువని ఫైర్‌మన్లందరూ అనేవారు. నాన్న కూడా అనేవారు, కానీ దాని మీద నెపం పెట్టి ఆవిరి తగ్గనిచ్చేవారు కాదు.

స్టేజీకి అవతల కొన్ని నెలలకు సరిపడా బొగ్గు కుప్పలు పోసి ఉంచేవారు. వాటిని మరీ ఎత్తుగా పోయరు. బొగ్గు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని లోపల్లోపల వేడెక్కుతుంది. పొడి ఎక్కువై, కుప్ప ఎత్తుగా ఉండి, వేడి బయటికి పోయే దారి లేకపోతే దానంతటదే అంటుకుంటుంది. ఎండాకాలంలో ఒకసారి కుప్ప నడుమ నుంచి సన్నగా పొగ రావడం చూశాను. ఖలాసీలు పరుగున వచ్చి నీళ్ళు గుమ్మరించలేదు. ముందు కుప్పను విడగొట్టి, వేడి బొగ్గును పక్కకు లాగి, పలచగా పరిచి చల్లార్చారు. ఊరికే పైన నీళ్ళు పోస్తే అడుగున నిప్పు అలాగే ఉంటుందని నాన్న చెప్పారు.

1980 నాటికి విజయవాడ, మద్రాసు మధ్య మార్గమంతా కరెంటు తీగలు వచ్చేశాయి. కరెంటు ఇంజనుకు సగం దారిలో ఆగాల్సిన అవసరం లేదు. రైళ్ళు బిట్రగుంట మీదుగా దూసుకుపోవడం మొదలుపెట్టాయి. షెడ్డు మనుషులకు బదిలీలు వచ్చాయి. మాకూ వచ్చింది. రైల్వే ఉద్యోగులకు వేరే ఊరైనా, వేరే పనైనా దొరికింది. తట్టలు మోసినవాళ్ళు రైల్వే ఉద్యోగులు కారు, వాళ్ళ పేర్లు ఏ బదిలీ కాగితంలోనూ లేవు. కొందరు వరి కోతలకు, కొందరు కావలిలో ఇళ్ళు కట్టే పనులకు వెళ్ళారని తర్వాత విన్నాను. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1995తో ముగిసినప్పుడు పత్రికలు ఇంజన్ల గురించి, డ్రైవర్ల గురించి ఎంతో బాగా రాశాయి. వాటిలో నాకు బొగ్గు ముఠాల ప్రస్తావన కనిపించలేదు.

ఉద్యోగరీత్యా అమెరికా వచ్చాక మోడల్ రైళ్ళ వ్యసనం పట్టుకుంది. ఇక్కడే మొదటిసారి అసలైన బొగ్గు టవర్ చూశాను, వెస్ట్ వర్జీనియాలోని థర్మండ్‌లో. న్యూ రివర్ ఒడ్డున, కొండకూ నదికీ మధ్య ఇరుకున పడిన ఊరు. ఒకప్పుడు ఛెసాపీక్ అండ్ ఒహాయో రైల్వేకు పెద్ద బొగ్గు కేంద్రం. ఇప్పుడు నివాసం ఉన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బ్యాంకు భవనం, స్టేషను నేషనల్ పార్కు సంరక్షణలో ఉన్నాయి. పట్టాల పక్కన 1922లో కట్టిన 500 టన్నుల కాంక్రీటు టవర్ ఇప్పటికీ నిలబడి ఉంది. ఇలాంటివి అమెరికాలో చాలా చోట్ల మిగిలిపోయాయి. వందల టన్నుల బరువు మోయడానికి కట్టిన గోడలను కూల్చడం, అదీ రైళ్ళు తిరిగే పట్టాల పక్కన, చాలా ఖర్చుతో కూడిన పని.

నేను టవర్ చుట్టూ తిరిగి వెనకవైపు వెతుకుతుంటే, అక్కడికే వచ్చిన ఎనభై దాటిన ఒక పెద్దాయన ఏం చూస్తున్నావని అడిగారు. బొగ్గు పైకి ఎక్కే దారి అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్రతనంలో మరో ఊళ్ళో ఇలాంటి టవర్ దగ్గరే పని చేశారట. అందరూ చూట్ గురించే అడుగుతారు, గొయ్యి గురించి ఎవరూ అడగరు అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పినదంతా ఆ గొయ్యి గురించే.

టవర్ పక్కన బొగ్గు వ్యాగన్ల కోసం విడిగా ఒక పట్టా ఉంటుంది. దాని కింద నేలలో పెద్ద తొట్టి, పైన పట్టాల మధ్య ఇనుప జాలీ. అమెరికా బొగ్గు వ్యాగన్లకు అడుగున తలుపులుంటాయి. వ్యాగన్‌ను జాలీ మీద నిలబెట్టి తలుపు విప్పితే బొగ్గు తన బరువుకే కిందికి జారుతుంది. జాలీలో పట్టని పెళ్ళలను అక్కడే సుత్తితో పగలగొడతారు. తొట్టి అడుగున మరింత లోతైన గొయ్యి ఉంటుంది, అందులోకి బకెట్ దిగుతుంది. బకెట్ అంటే టన్నున్నర, రెండు టన్నులు పట్టే ఉక్కు పెట్టె. చాలా టవర్లలో బకెట్ కిందికి చేరగానే దాని బరువే తొట్టి తలుపును తెరిచి, సరిపడా బొగ్గు పడనిచ్చేది. బకెట్ పైకి లేవగానే తలుపు మూసుకునేది. ఉక్కు తాడు, మోటారు దాన్ని గోడ వెంట నిలువు పట్టాల మీద పైదాకా లాగుతాయి. అక్కడ వంపు తిరిగిన పట్టా బకెట్‌ను బోర్లిస్తుంది. బొగ్గు టవర్ లోపలి గదిలో పడుతుంది. పెద్ద టవర్లలో రెండు బకెట్లు. ఒకటి ఎక్కుతుంటే మరొకటి దిగుతుంది. ఖాళీ బకెట్ బరువు నిండు బకెట్ ఉక్కు బరువుకు సరితూగుతుంది కనుక మోటారు మీద బొగ్గు భారం ఒక్కటే పడుతుంది.

ఇక కింద ఇంజను వచ్చి ఆగినప్పుడు చేయాల్సింది కొంచెమే. ఎదురు బరువు కట్టిన చూట్‌ను దించి, గేటు లాగితే కొద్ది నిమిషాల్లో టెండరు నిండుతుంది. బొగ్గు గది అడుగు ఏటవాలుగా ఉండడం వల్ల మూలల్లో పాత బొగ్గు నిలవ ఉండిపోదు. నిలవ ఉంటే వేడెక్కుతుందని ఆయన అంటుంటే, ఆ భయం బిట్రగుంటలో మాకూ ఉండేదని చెప్పాను. వాళ్ళకు మాకు లేని కష్టం ఒకటి ఉంది. చలికాలంలో తడి బొగ్గు వ్యాగన్‌లోనే గడ్డకట్టి ఒకే బండ అయిపోయేది. అడుగు తలుపులు తెరిచినా కదిలేది కాదు. పైనెక్కి గునపాలతో పొడిచేవారు, పక్క రేకులను సమ్మెటలతో బాదేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన అరచేతులు రుద్దుకున్నారు. ఎంత గొప్ప యంత్రం పెట్టినా మొదటి మెట్టు దగ్గర మనిషి చేయి తప్పలేదన్నమాట.

అప్పటి నుంచి టవర్‌ను చూసే ముందు వ్యాగన్‌ను చూడడం అలవాటైంది. నా దృష్టిలో వ్యాగన్ తలుపు ఎక్కడుందో అదే మిగతా కట్టడం అంతటినీ నిర్ణయిస్తుంది. అమెరికాలో తలుపు అడుగున ఉంది, కాబట్టి గొయ్యి తవ్వారు. బ్రిటన్‌లో చిన్న వ్యాగన్లలో చాలావాటికి అలాంటి తలుపులు లేనందున పెద్ద షెడ్లలో మొత్తం వ్యాగన్‌నే టవర్ తలకు ఎత్తి బోర్లించే ఏర్పాటు చేశారు. లాంకషైర్‌లోని కార్న్‌ఫోర్త్‌లో అలాంటి టవర్ ఇప్పటికీ ఉంది. మన వ్యాగన్లకు తలుపులు పక్కన ఉన్నాయి, కూలీ చవక, అందుకని అరుగు కట్టి తట్టలు ఇచ్చారు. ఇంకా పాత అమెరికా పద్ధతి మరొకటుంది. ఎత్తైన చెక్క వంతెన కట్టి వ్యాగన్లనే దాని మీదికి నెట్టి, పై నుంచి తొట్లలోకి వదిలేవారు. అది కట్టాలనుకునే మోడలర్లు ముందు స్థలం చూసుకోవాలి. నూటికి 5 వాలుతో 30 అడుగులు ఎక్కాలంటే 600 అడుగుల పొడవు కావాలి. 87వ వంతు స్కేలులో కూడా అది దాదాపు 7 అడుగులు. బకెట్ టవర్ అంతటా వ్యాపించడానికి స్థలం కలిసిరావడం కూడా ఒక కారణం.

టవర్ మోడల్ కట్టేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే: వెనకవైపు పట్టా ముందు వేయండి. రెండు మూడు బొగ్గు వ్యాగన్లు నిలిచేంత పొడవుండాలి. పట్టాల మధ్య జాలీ, దాని మీద వాన పడకుండా చిన్న రేకుల కప్పు, పక్కన మోటారు గది, గోడకు ఆనించిన సుత్తి, గునపం పెట్టండి. చుట్టూ చిందిన బొగ్గు పొడి వేయండి. చూట్ దగ్గర కన్నా జాలీ దగ్గర ఎక్కువ వేయాలి, ఎందుకంటే ఎక్కువ పని జరిగేది అక్కడే.

నా లేఅవుట్‌లో థర్మండ్ టవర్ లేదు. బిట్రగుంట స్టేజీ కడుతున్నాను. బజారులో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్ల వెడల్పుది. మన బ్రాడ్‌గేజ్‌కు ఈ స్కేలులో 19 మిల్లీమీటర్లు దాటాలి. ఆ తేడాతో రాజీ పడ్డాను, చెక్క వాలు విషయంలో మాత్రం పడలేదు. తల మీద తట్ట ఉన్న ఆడవాళ్ళ బొమ్మలు ఎక్కడా అమ్మరు. మామూలు స్త్రీల బొమ్మలు కొని, చేతులు కోసి పైకి వంచి అతికిస్తున్నాను. టిష్యూ కాగితాన్ని పలచటి జిగురులో ముంచి, కుచ్చిళ్ళు పైకి దోపి గోచీ కట్టినట్టు చుడుతున్నాను, ఎందుకంటే చెక్క ఎక్కేటప్పుడు వాళ్ళు అలాగే కట్టుకునేవారు. చుట్టకుదురుకు దారం ముక్క, తట్టకు సన్నటి రాగితీగ అల్లిక. ఎక్కేవాళ్ళ మోకాళ్ళు వంగి ఉండాలి, దిగేవాళ్ళ తట్టలు చంకలో ఉండాలి. రెండో రకం బొమ్మలు తొందరగానే కుదిరాయి, మొదటి రకానికి ఒక్కోదానికి కొన్ని సాయంత్రాలు పడుతోంది.

మిత్రులు వచ్చి టైంటేబుల్ ప్రకారం రైళ్ళు నడిపేటప్పుడు గడియారం వేగం పెంచి పెట్టుకుంటాం. ఆ గడియారం ప్రకారం స్టేజీ దగ్గర ఆగిన డబ్ల్యూజీ గంటన్నర దాకా కదలకూడదని నియమం పెట్టాను. వెనక గూడ్సు ఆగిపోయిందని, మద్రాసు మెయిలుకు ఇంజను సిద్ధం కాలేదని వాళ్ళు గొడవ చేస్తారు. 720 తట్టల లెక్క కాగితం మీద రాసి కంట్రోల్ బల్ల పైన అంటించాను. ఎవరు తొందరపెట్టినా దాన్నే చూపిస్తాను, సిగ్నల్ మాత్రం ఇవ్వను.